మలుపులో ఆగిన చప్పుడు

మలుపు దగ్గర చప్పుడు ఆగిపోయింది.

వేలూరు సత్తువాచారిలో మా వెనక వీధిలో ఒక కల్యాణ మండపం ఉంది. దాని పక్కనున్న సిమెంటు గచ్చు మీద సాయంత్రాలు పిల్లలకు స్కేటింగు నేర్పేవారు. ఆ ఆదివారం నేను ఎప్పటిలాగే గోడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. చిన్నవాడు నా ఒళ్ళో నిద్రపోతున్నాడు. నేను పిల్లలను చూడటం లేదు, వింటున్నాను. అంతమంది గుండ్రంగా తిరుగుతుంటే చూపు ఎవరి వెంటా నిలవదు, చెవి నిలుస్తుంది. మా పాప బూట్ల చక్రాలకు ఒక గరగర ఉండేది, చాటలో బియ్యం పోసి కదిలించినప్పటి చప్పుడులాంటిది. తిన్నగా వెళ్ళేటప్పుడు సన్నగా ఉండేది. మలుపులో కాలు వాల్చి నేలను తన్నాలి కాబట్టి అక్కడ గట్టిగా వినిపించేది. ఆ రోజు గట్టిగా కాదు కదా, అసలు వినిపించలేదు. నేను తలెత్తేసరికి పాప కుడికాలు తనది కానట్టు పక్కకు జారిపోతోంది. చేతులు గాలిలో కొట్టుకుని ఎలాగో నిలబడింది. నిలబడగానే నా వైపు చూసింది.

నన్ను భయపెట్టింది ఆ చూపే. పడబోయిన పిల్ల అమ్మ కోసం చూసే చూపు కాదది. అమ్మ చూసిందా, లేదా అని చూసే చూపు.

ఈ స్కేటింగు పిచ్చి మా ఇంటికి కేబుల్ తీగ వెంట వచ్చింది. వీధి చివర మేడ మీద గొడుగంత డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ తీగలు లాగిన కాలమది. ఒకనాడు ఆటల ఛానల్లో మంచుగడ్డ మీద తెల్లబూట్లు వేసుకున్న ఆడపిల్లలు బొంగరాల్లా తిరిగే పోటీ చూపించారు. ఆ బూట్ల కింద చక్రాలు ఉండవు, కత్తులుంటాయి. పిల్లల కత్తులకు ఎప్పుడు సాన పట్టించాలో తెలుసుకోవడం తల్లిదండ్రులకు పెద్ద పని అని టీవీలో మాట్లాడేవాళ్ళు చెప్పుకుంటున్నారు. మొద్దుబారితే మలుపులో జారిపోతారట, మరీ పదునైతే మంచులో దిగబడి తూలిపోతారట. కాలేజీలో చదివిన ఇంగ్లీషు ఎందుకైనా పనికొస్తుందని నేను ఆ మాటలను ఇంట్లో అందరికీ తెలుగులో చెప్పాను. గుడియాత్తం నుంచి వచ్చిన మా మామగారు కూడా ఆ రోజు అక్కడే కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా చూశారు.

"అమ్మా, నాకూ ఆ బూట్లు కావాల," అంది పాప.

"వేలూరులో మంచు యాడ ఉండాది? ఎండకి తారే కరిగిపోతా ఉండాది," అన్నారు మా ఆయన. అన్నవారే తరువాతి నెల మద్రాసు వెళ్ళినప్పుడు చక్రాల బూట్లు కొనుక్కొచ్చారు. ఒక్కో బూటుకు ముందు రెండు, వెనక రెండు చక్రాలు. ఆయన కట్టడాల దగ్గర మేస్త్రీలను చూసుకునే పని చేస్తారు. కట్టే ఇళ్ళలో కొత్తగా వేసిన గచ్చు కనిపిస్తే చాలు, "పాప దీని మీద బాగా పోతాది" అనేవారు.

ఆ జారిన ఆదివారమే మాస్టరు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. నెలాఖరు ఆదివారం పొద్దున పిల్లలంతా తెల్లబట్టలు వేసుకుని, వరసగా స్కేటింగు చేస్తూ కోట దాకా రోడ్డు మీద వెళ్ళాలట. ముందు ఒక జీపు, వెనక ఒక జీపు ఉంటాయట. పిల్లలు ఎగిరి గంతులేశారు. నాకు మాత్రం జీపులు కనిపించలేదు, ఆ పక్కగా పోయే బస్సులే కనిపించాయి. ఆ రోడ్డులో ఎన్ని మలుపులున్నాయో మనసులో చూసుకుంటూ కూర్చున్నాను.

పిల్లలు వెళ్ళాక మాస్టరును అడిగాను, పాప కాలు ఎందుకు జారిందని. ఆయన బూటు తిప్పి, చక్రం మీద బొటనవేలు రాశాడు. అరవం, తెలుగు కలిపి మాట్లాడే కుర్రవాడు.

"చక్రాలు అద్దం మాదిరి అయిపోయినాయమ్మా. పట్టు లేదు. కొత్త సెట్టు మార్చేయండి. నేనే తెప్పిస్తాను."

"కొని ఏడాది కూడా కాలేదే?"

"ఏం చేసేది? కొందరు పిల్లకాయలకు శీఘ్రం అరిగిపోతాయి."

"వేరే యాడా దొరకవా?"

"దొరకవు. నేనే తెప్పించాల."

రెండుసార్లు "నేనే" అన్నాడు. ఇంటికి వెళ్ళే దారంతా ఆ "నేనే" నా చెవిలోనే ఉంది.

అరిగిందో లేదో చూసుకునే పద్ధతి ఇంకో పిల్లవాడి తల్లి నాకు అంతకుముందే చెప్పింది. ఆమె కూడా నాలాగే రోజూ ఆ మెట్టు మీద కూర్చునేది. పిల్లలు కాలు వాల్చి తంతారు కాబట్టి చక్రాలు లోపలి అంచున ముందు అరుగుతాయి. ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా అవుతాయి. అప్పుడు లోపలివి తీసి బయటికీ, బయటివి తీసి లోపలికీ బిగించాలి. అలా తిప్పితిప్పి వేసినా రెండు అంచులూ అరిగిపోయిన తరువాతే కొత్తవి కావాలి. "మావాడివి నేను ఇంతవరకు మార్చలేదక్కా. మాస్టరు మాట వింటే మన బిడ్డల కాళ్ళకి మాసానికొక చక్రం," అని నవ్వేది.

ఆ సాయంత్రం, మధ్యాహ్నమే గుడియాత్తం నుంచి తెచ్చుకున్న ఎర్ర నూలుపోగు ఒకటి తీసుకుని కూర్చున్నాను. ప్రతి చక్రానికీ లోపలి అంచు చుట్టూ పోగు చుట్టి, ముడివేసి, ఆ చుట్టును జార్చి బయటి అంచుకు తొడిగి చూశాను. అన్నిటికీ సరిపోయింది. ఎక్కడా వదులు లేదు, బిగువు లేదు. వాటిని మేం ఒక్కసారీ తిప్పి వేయలేదు కూడా. అంటే అరగలేదు. అరగనిదాన్ని అరిగిందని ఎందుకు చెప్పినట్టు?

"మరలు బిగువుగానే ఉండాయి," అన్నారు మా ఆయన పానా తెచ్చి తిప్పి చూసి. "నీకు మనుషుల మీదే అనుకున్నా, చక్రాల మీద కూడా అనుమానమా?"

"చక్రాల మీద లేదు. చక్రాలు చూసిన మనిషి మీద."

బుధవారం క్లాసులో చప్పుడు కొంచెం తిరిగి వచ్చింది. శుక్రవారానికి పూర్తిగా వచ్చేసింది, మలుపులో గట్టిగా, ఎప్పటిలా. కొత్త చక్రాలు కొనకుండానే! మాస్టరు మీద నా అనుమానం ఇంకా గట్టిపడింది. కొనమని చెప్పి, కొనకపోతే ఊరుకుని, మళ్ళీ ఏం చేస్తాడో చూడాలనుకున్నాను. పిల్లలు నీళ్ళు తాగడానికి బూట్లు విప్పినప్పుడు ఎవరి బూట్లు ఎవరివో చూసేవాళ్ళు లేరు. మంచి చక్రాలు తీసి పాతవి తగిలిస్తే మనకేం తెలుస్తుంది? అందుకని గోళ్ళరంగు తీసుకుని ప్రతి చక్రానికీ లోపలివైపు, ఎవరికీ కనిపించని చోట ఒక్కో చుక్క పెట్టాను.

పక్షానికో శనివారం మేం గుడియాత్తం వెళ్ళేవాళ్ళం. అత్తమామలది అక్కడ మగ్గాల వీధి. మామగారు లుంగీలు నేసేవారు. పాప ఆ బూట్లు విడిచి ఒక్క పూట కూడా ఉండదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చేది. మా అత్తగారింటి ముందు నున్నటి వసారా ఉంది. అక్కడ వీధి పిల్లలందరినీ నిలబెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగి చూపించేది. ఆ తరువాతి వారం శనివారం కూడా వెళ్ళాం, ఆదివారం మధ్యాహ్నానికి తిరిగి వచ్చాం, సాయంత్రం క్లాసుకు వెళ్ళాం.

మలుపులో మళ్ళీ చప్పుడు లేదు.

ఈసారి పాప మోకాలి మీద పడింది. లేచి, దులుపుకుని, నేను మెట్టు దిగేలోపలే వరసలో కలిసిపోయింది. తిన్నగా ఉన్న చోట అందరినీ దాటేసింది. నేను ఇంటికి రాగానే ముందు చుక్కలు వెతికాను. అన్నీ ఉన్నాయి. చక్రాలు మావే. మాస్టరు మార్చలేదు. మరి?

మర్నాడు తలంటి పోస్తుంటే పాప తుంటి మీద అరచేయంత మచ్చ కనిపించింది. నలుపు పోయి పసుపు తిరిగిన మచ్చ. అంటే నిన్నటిది కాదు.

"ఇది యాడ తగిలింది?"

"బడిలో. బెంచీ తగిలింది."

"ఏ బెంచీ?"

"కూచునే బెంచీ."

"తుంటికి తగిలేంత ఎత్తు బెంచీ మీ బడిలో యాడ ఉండాది పాపా?"

"కొత్తది తెచ్చినారమ్మా," అంది. కుంకుడు రసం కంట్లో పడిందని గట్టిగా కళ్ళు మూసుకుంది. నేను ఇంకా తల మీద రసమే పోయలేదు.

అంతవరకు నా అనుమానం బయటివాళ్ళ మీద ఉండేది. ఆ రోజు నుంచి ఇంట్లోకి వచ్చింది. నా బిడ్డ నా దగ్గర దాస్తోంది. ఎవరో దాచమన్నారు, లేదా తనకే దాచాలనిపించింది. ఈ రెండింటిలో ఏది మంచిదో నాకు తెలియలేదు.

ఆ బుధవారం క్లాసు నుంచి వస్తూ పాప పేడలో కాలు పెట్టింది. కుళాయి కింద బూట్లు కడుగుతున్నాను. చక్రాల మీద నీళ్ళు నిలబడటం లేదు. చేమాకు మీద పడినట్టు బొట్లుబొట్లుగా లేచి, దొర్లి పడిపోతున్నాయి. అన్నిచోట్లా కాదు, అక్కడక్కడ. గోటితో గీకాను. గోటి కింద తెల్లటి పొర వచ్చింది. వాసన చూశాను. కరెంటు వచ్చాక దీపం ఊదేస్తే ఇల్లంతా వచ్చే వాసనే. కొవ్వొత్తి.

నా బిడ్డ కాళ్ళ కింద ఎవరో మైనం రాస్తున్నారు!

నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ మెట్టు మీద నా పక్కన కూర్చునే ఆమె. ఊరేగింపులో అందరికంటే ముందు ఎవరు పోవాలన్నది మా పాపకూ, వాళ్ళ అబ్బాయికీ మధ్యే తేలాల్సి ఉంది. అంత నవ్వుతూ మాట్లాడే మనిషి, నన్ను అక్కా అని పిలిచే మనిషి. అయినా ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? ఆ శుక్రవారం ఆమె పెట్టిన చిక్కీ కూడా తినకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇంటికి రాగానే బూట్లు బీరువాలో పెట్టి, తాళంచెవి నా నడుముకు దోపుకున్నాను. క్లాసులో పాప వాటిని విప్పితే నా ఒళ్ళోకే రావాలని చెప్పాను.

"అమ్మా, అందరూ నవ్వుతా ఉండారు," అంది పాప.

"నవ్వనీ."

తాళం వేసిన తరువాత చప్పుడు తప్పలేదు. మూడు క్లాసులూ గరగర బాగా వినిపించింది. ఊరేగింపు ఇక ఒక్క రోజు ఉందనగా శనివారం మేం గుడియాత్తం బయలుదేరాం. మనవరాలు కోట దాకా పోవడం చూడాలని అత్తమామలు ముచ్చటపడ్డారు. ఆ రాత్రికి అక్కడే ఉండి, తెల్లవారి మొదటి బస్సుకు అందరం కలిసి వేలూరు రావాలి. బూట్లు నా సంచిలోనే పెట్టుకున్నాను. బస్సులో పాప అడిగినా ఇవ్వలేదు.

గుడియాత్తంలో నేను జాగ్రత్త పడలేదు. ఎందుకు పడతాను? అక్కడ పోటీకి వచ్చే పిల్లలు లేరు, చక్రాలు అమ్మే మాస్టరు లేడు. అందరూ మావాళ్ళే. సంచి చిలక్కొయ్యకు తగిలించి, భోజనం చేసి, చిన్నవాడిని పక్కలో వేసుకుని నడవలో నడుం వాల్చాను. పక్క గదిలో మగ్గం ఆగింది. మామగారు భోజనం తరువాత కాసేపు మగ్గం ఆపుతారు, అది మామూలే. అయితే ఆ నిశ్శబ్దంలో ఇంకో చప్పుడు మొదలైంది. సర్‌ర్‌ర్... ఆగింది. మళ్ళీ సర్‌ర్‌ర్. వేలితో తిప్పితే చక్రం వదులుగా తిరిగే చప్పుడు.

చిలక్కొయ్య మీద సంచి లేదు.

లేచి తలుపు ఓరగా నిలబడ్డాను. మామగారు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నారు. సగం నేసిన లుంగీ మీద పాత గుడ్డ పరిచి, దాని మీద మా పాప బూటు బోర్లా పెట్టుకున్నారు. ఒక చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తల ఊపారు. కొవ్వొత్తి ముక్కతో చక్రం చుట్టూ నెమ్మదిగా రుద్దారు. తరువాత గుడ్డతో మెరిసేదాకా తుడిచారు. నాకు ఆ చేతి పని బాగా తెలుసు. మగ్గంలో నూలు కండె మోసుకుని నాడె అటూ ఇటూ పరిగెత్తే పలక మీద ఆయన అలాగే మైనం రుద్దుతారు. అక్కడ కొంచెం గరుకున్నా నాడె తడబడుతుంది, పోగు తెగుతుంది.

పాప పక్కనే గొంతుక్కూర్చుని ఉంది.

"తాతా, ఈ చక్రానికి ఇంకా కొంచెం."

"తొందరపడకూడదు నాయనా. ఎక్కువ పూస్తే దుమ్ము పడతాది."

"అమ్మకి చెప్పొద్దు."

"ఏం, ఎందుకు చెప్పకూడదు? మంచి పనే గదా చేసేది."

"అమ్మ అన్నిటికీ భయపడతాది తాతా."

"ఆమా, అదీ నిజమే," అన్నారు మామగారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ నవ్వు నన్ను గుచ్చిన గుచ్చుడు మైనం కూడా గుచ్చలేదు. లోపలికి వెళ్ళాను.

"మామా, ఏం చేస్తా ఉండారు?"

ఆయన దాచుకోలేదు. తప్పు చేసినవాడైతే దాచుకునేవారే. బూటు నా వైపు తిప్పి, చక్రాన్ని ఒక్క వేలితో తట్టారు. అది తిరిగి తిరిగి ఆగనే లేదు.

"చూడమ్మణ్ణీ, ఎంత లేసుగా, తేలిగ్గా తిరగతా ఉండాదో. ఆ దినం టీవీలో చూసి నువ్వే చెప్తివి గదా, బూటుకి ఎప్పుడు సాన పట్టాలో తెలుసుకోవాలని. మన బిడ్డ బూటుకి కత్తి లేదు, చక్రం ఉండాది. పరిగెత్తేదానికి సాన అంటే ఇదే. వచ్చినప్పుడంతా నేనే చూస్తా ఉండాను. ఒక తూరి పూస్తే మూడు దినాలకు ఆరిపోతాది, ఏం చేసేది?"

చెప్పింది నేనే. నేను తెలుగులో చెప్పిన మాట ఆయన చెవిలో మగ్గం మాటై కూర్చుంది. గుడియాత్తం వెళ్ళివచ్చిన ప్రతి ఆదివారం చప్పుడు ఎందుకు పోయిందో, శుక్రవారానికి ఎందుకు తిరిగి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

"మామా, బిడ్డ పడతా ఉండాది."

"పడదే! వసారాలో నేను చూడలేదా? గాలి మాదిరి పోతాది."

"వసారాలో మలుపు లేదు మామా."

నేను పాపను దగ్గరికి లాగి, పావడా పక్కకు జరిపి తుంటి మీద ఇంకా మిగిలిన మచ్చ చూపించాను. మామగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. చేతిలోని కొవ్వొత్తి ముక్కను పలక మీద పెట్టారు.

"పడితివా?" అని పాపను అడిగారు.

పాప పావడా మచ్చ మీదికి లాక్కుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు నాయనా?"

"చెప్తే మైనం పూయవు గదా," అంది పాప. "తిన్నగా పోతే అందరికంటే నేనే ముందు తాతా."

వాకిట్లో రాట్నం దగ్గర కండెలు చుడుతున్న అత్తగారికి ఇదంతా వినిపించింది. ఆమె రాట్నం ఆపకుండానే అందుకుంది.

"మగ్గంలో నాడెకి రెండు కొనల్లోనూ పెట్టె ఉండాది. ఎంత వేగంగా పోయినా పోయి దాంట్లో పడతాది. నీ మనవరాలికి యాడ పెట్టినావయ్యా పెట్టె? బస్సు కిందనా?"

"నువ్వు ఊరికే ఉండు," అన్నారు మామగారు. కానీ ఆ మాటలో కోపం లేదు. ఆయన పలకకు ఆ చివరా ఈ చివరా ఉన్న పెట్టెలనే చూస్తున్నారు.

ఆ సాయంత్రమంతా మైనం వదిలించడమే పనైంది. అత్తగారు నీళ్ళు కాచి చాకలిసోడా వేసింది. మరలు విప్పి ఎనిమిది చక్రాలూ అందులో వేశాం. మైనం పైకి తేలింది. ఆరిన తరువాత వాటి మీద మళ్ళీ గరుకు రావాలి. మామగారు ఇటుకముక్క తీసుకుని తానే చేస్తానన్నారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఆయన ఎంత గట్టిగా రుద్దాలనుకున్నా చేయి వృత్తంలా, ఒకే బరువుతో, నెమ్మదిగా తిరుగుతోంది. కాసేపటికి చక్రం ముందుకంటే నున్నగా తయారైంది. గరుకు చేయడం ఆ చేతికి రాదు. ఆయనే అది గమనించి, ఇటుకముక్క నా చేతిలో పెట్టారు.

"నువ్వే చెయ్యమ్మణ్ణీ. నాకు పాడు చేయను రాలేదు."

నేను అడ్డదిడ్డంగా రుద్దాను. తరువాత బూట్లకు చక్రాలు బిగించి, తడిపి, ఆరిన వసారా గచ్చు మీద చేత్తో నెట్టాను. మైనం పూర్తిగా పోతే నీటి గీత తెగకుండా పడాలి. ఎడమ బూటుది తెగకుండా పడింది. కుడి బూటుకు వెనకవైపు గీత చుక్కలు చుక్కలుగా పడింది. మళ్ళీ ఉడికించాను, మళ్ళీ రుద్దాను, మళ్ళీ నెట్టాను. చుక్కలు తగ్గాయి కానీ పోలేదు. ఆ కుడికాలే కదా ఆ రోజు మలుపులో జారింది.

"పోయినట్టేనా?" అని మామగారు తలుపు దగ్గర నుంచి అడిగారు. ఆయన బయటికి వెళ్ళి, వచ్చి, మళ్ళీ అడిగారు. లోపల దండెం మీద పాప తెల్లగౌను ఇస్త్రీ చేసి వేలాడుతోంది.

"తెలీదు మామా."

"రేపు పోతాది గదా బిడ్డ?"

నేను కుడి బూటు మళ్ళీ తిప్పి చూశాను. మైనం పోయిందని ఆయన అంటే నమ్మను. పోలేదని పాప అంటుందని కూడా నమ్మకం లేదు. ముందుండాలన్న ఆశ దాని కళ్ళలో అలాగే ఉంది. మాస్టరు చూస్తే ఏమంటాడో తెలుసు. "అద్దం మాదిరి" అన్నాడు, ఆ మాట మటుకు నిజమేనని ఇప్పుడు ఒప్పుకోవాలి. అయినా ఆ "నేనే తెప్పిస్తాను" మీద నా అనుమానం ఈ రోజుకీ పోలేదు. పోవలసిన అవసరం కూడా కనిపించలేదు. చిక్కీ ఇచ్చిన ఆమెను మాత్రం తలుచుకుంటే మొహం వేడెక్కింది.

ఇవన్నీ కొన్నేళ్ళ తరువాత ఇప్పుడు, పిల్లలు పడుకున్నాక రాసుకుంటుంటే ఒక సంగతి తోస్తోంది. టీవీలో ఆ పిల్లల తల్లులకు కత్తి పదును చూసుకోవడానికి వేలిగోరు ఉంది. గోటి మీద ఆనించి లాగితే చెప్పేస్తుందట. నాకు చెవి తప్ప ఇంకేం లేదు. వసారాలో ఎంత నెట్టినా, పిల్ల బరువుతో మలుపు తిరిగితేనే కదా ఆ చప్పుడు వచ్చేది? వచ్చిందో లేదో రోడ్డు మీద, బస్సు పక్కన తెలుసుకోలేను.

ఊరేగింపు రోజు తెల్లవారి మామగారు అందరికంటే ముందు తయారై వసారాలో కూర్చున్నారు. ఉతికిన పంచె కట్టుకున్నారు, కొత్త తువ్వాలు భుజాన వేసుకున్నారు. ఎవరి వైపూ చూడటం లేదు. పాప గౌను వేసుకుని వచ్చి సంచి కోసం చేయి చాపింది. చిన్నవాడు దాని వెనకే చెప్పులు తారుమారుగా వేసుకుని నిలబడ్డాడు. నేను సంచి ఇవ్వలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి, తాతకు కూడా వినపడేటట్టు చెప్పాను.

"మనం అందరం వేలూరు పోతాం. కోట దగ్గర నిలబడి ఊరేగింపు చూస్తాం. పాపా, నువ్వు మాత్రం ఈ దినం రోడ్డు మీద పోవడం లేదు. ఏడిస్తే ఏడువు, నేనేం అనను. ఇది దండన కాదు. రేపటి నుంచి గచ్చు మీద నిదానంగా తిరుగు, నేను మెట్టు మీద కూచుంటా. మలుపులో ఆ గరగర మళ్ళీ నా చెవికి వినపడిన దినం, నేనే నిన్ను రోడ్డు మీదికి పంపిస్తా. నువ్వు చెప్పినా పంపను, మాస్టరు చెప్పినా పంపను. పడితే మటుకు నాకు చెప్పాల. బెంచీ మీద తోయకూడదు. ఆ తరువాత ఇంకోటి. పాప ఎందుకు రాలేదని అక్కడ ఎవురన్నా అడుగుతారు. తాత పేరు ఎత్తొద్దు, మైనం పేరు ఎత్తొద్దు. చిన్నోడా, నీకే చెప్పేది. మా అమ్మకి భయం, అందుకే పంపించలేదు అని చెప్పండి. అది అబద్ధం కాదు."